రాక్ సంగీతవిమర్శ: తీర్పులూ, తీర్పరులూ

సంగీతాన్ని గురించి రాసేవాడికి సొంత యిష్టాయిష్టాలు వుండగూడదని నేను అనను. యిష్టాయిష్టాలు లేనివాడు సంగీతం వినడు. విననివాడికి దాన్ని గురించి రాసే అర్హత లేదు. అభిరుచి వుండటం దోషం కాదు. తన అభిరుచికి సూత్రమని పేరు పెట్టి, ఆ సూత్రాన్ని పరాయివాళ్లకు వొక రకంగానూ తనవాళ్లకు మరొక రకంగానూ వర్తింపజెయ్యటం దోషం. నిన్న ఛీకొట్టినదాన్ని యివాళ నెత్తిన పెట్టుకుంటూ, యీ మధ్య తనలో యేం మారిందో చెప్పకపోవటం అంతకన్న పెద్ద దోషం. రాక్ సంగీతవిమర్శకు యిప్పటికి అరవయ్యేళ్ల చరిత్ర వుంది. యీ రెండు దోషాలూ అందులో అడుగడుగునా కనిపిస్తాయి.

అమెరికా, ఇంగ్లండుల రాక్ సంగీతంతో మనకేం పని అని పాఠకులు అడగవచ్చు. నాకు దానితో పని పడిన తీరు చెబుతాను. ముప్పయ్యేళ్ల కిందట నేను వొక కళాశాలలో చరిత్ర చెబుతూ, హాస్టలు కూడా చూసుకునేవాణ్ణి. వొక రాత్రి వొక కుర్రవాడి గదిలోంచి చెవులు చిల్లులుపడే రొద వినిపించింది. వెళ్లి టేపురికార్డరు కట్టించాను. అంతటితో వూరుకోక, సామ్రాజ్యవాద సంస్కృతి యువకుల్ని యెట్లా మత్తులో ముంచుతుందో పావుగంట ఉపన్యాసం యిచ్చాను. ఆ కుర్రవాడు అంతా విని, "సార్, ఆ గిటారు వాయించేవాడి వేళ్లు ఫ్యాక్టరీలో తెగిపోయినయి. మీరు చెప్పే పారిశ్రామిక కార్మికుల పాఠంలోకి అతను రాడా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆ బృందం పేరేమిటో కూడా అడక్కుండానే నేను తీర్పు చెప్పాను! పాట ఇంగ్లీషులో వుండటం, అది నా చెవికి కటువుగా వుండటం — నా దగ్గరున్న సాక్ష్యం యింతే. దానిమీద సామ్రాజ్యవాదం అనే పెద్దమాట మోపాను.

ఆ బృందం పేరు బ్లాక్ సాబత్. తర్వాత వాళ్లను గురించి చదవటం మొదలుపెడితే, అమెరికాలో సంగీతవిమర్శే వృత్తిగా గలవాళ్లు కూడా 1970లో దాదాపు నాలాగే మాట్లాడారని తెలిసింది. వాళ్ల సాక్ష్యం నాకన్న యెక్కువే. కాని తీర్పు చెప్పే పద్ధతి మాత్రం వొకటే. ఆ పద్ధతి యెక్కడ పుట్టిందో చూడటం మనకు అనవసరం కాదు. కళను సమాజదృష్టితో తూచుతామని చెప్పుకునే మనకు అది మరింత అవసరం.

రాక్ సంగీతం 1950ల నడుమ అమెరికాలో తలెత్తింది. నల్లవారి బ్లూస్ దాని తల్లివేరు. మొదటి పదేళ్లూ దానికి విమర్శకులంటూ లేరనే చెప్పాలి. పెద్ద దినపత్రికలకు అది పిల్లల గోల. వ్యాపార పత్రికలకు అది అమ్మకాల లెక్క. 1966లో స్వార్త్‌మోర్ కళాశాలలో చదివే పాల్ విలియమ్స్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు క్రాడాడీ అనే చిన్న పత్రిక ప్రారంభించాడు. 1967 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో యాన్ వెన్నర్, రాల్ఫ్ గ్లీసన్ అనే వాళ్లు రోలింగ్ స్టోన్ పత్రిక పెట్టారు. 1969లో డెట్రాయిట్ నుంచి క్రీమ్ అనే పత్రిక వచ్చింది. ఆ సంవత్సరమే న్యూయార్కు వారపత్రిక విలేజ్ వాయిస్‌లో రాబర్ట్ క్రిస్ట్‌గావ్ కొత్త రికార్డులకు, ఉపాధ్యాయుడు పరీక్ష పేపర్లు దిద్దినట్టు, ఎ, బి, సి అంటూ అక్షరాల మార్కులు వెయ్యటం మొదలుపెట్టాడు. ఆ శీర్షికకు ఆయన పెట్టిన పేరు కొనుగోలుదారుల మార్గదర్శి అనే అర్థం వచ్చేది. రికార్డు సరుకనే సంగతి ఆయన దాచలేదు.

యీ కొత్త విమర్శకులు చేసిన మేలు తక్కువది కాదు. సామాన్య యువకులు వినే పాటను కళగా చూడవచ్చునన్నారు. దాన్ని గురించి కవిత్వాన్ని గురించి రాసినంత శ్రద్ధగా రాయవచ్చునన్నారు. అయితే వాళ్లలో అధిక సంఖ్యాకులు తెల్లవాళ్లు, మగవాళ్లు, కళాశాలల్లో చదువుకున్నవాళ్లు. వాళ్లు రాసే పత్రికలు రికార్డు కంపెనీల ప్రకటనలమీద బతుకుతుండేవి. ఆ ప్రకటనల పక్కనే కూచుని, వాళ్లు రాక్ సంగీతం వ్యాపారానికి అతీతమైన తిరుగుబాటు అని నిరూపించవలసివచ్చింది. అందుకు వాళ్లు యెంచుకున్న కొలబద్ద "అసలుతనం". యే పాట హృదయంలోంచి వచ్చింది, యేది కంపెనీ కోసం తయారైంది? వినటానికి బాగానే వుంది. కాని యీ కొలబద్దకు గీతలు లేవు. పట్టుకున్నవాడు యెంతంటే అంతే. తనకు నచ్చినవాడు గట్టిగా అరిస్తే అది ఆదిమశక్తి. నచ్చనివాడు అరిస్తే మోటుతనం. నచ్చినవాడు పాతపాటను అనుకరిస్తే సంప్రదాయంపట్ల భక్తి. నచ్చనివాడు అనుకరిస్తే చౌర్యం.

కొన్ని కేసులు చూద్దాం. లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లీషు బృందం మొదటి రికార్డు 1969 జనవరిలో వచ్చింది. మార్చిలో రోలింగ్ స్టోన్‌లో జాన్ మెండెల్సన్ దాన్ని సమీక్షిస్తూ, జెఫ్ బెక్ బృందం అంతకు కొద్దినెలల ముందే చేసిన పనిని యీ బృందం యింకా బాగా చెయ్యలేకపోయిందనీ, గిటారిస్టు జిమ్మీ పేజ్ వాయించటంలో నేర్పరే అయినా పాటలు కట్టటంలో బలహీనుడనీ తేల్చాడు. 2003లో అదే పత్రిక అన్ని కాలాలకూ చెందిన 500 గొప్ప రికార్డుల పట్టిక ప్రకటించింది. అందులో యీ రికార్డుకు 29వ స్థానం! ముప్పైనాలుగేళ్లలో రికార్డు మారలేదు. అందులోని వొక్క స్వరమైనా అటూయిటూ కాలేదు. మారింది వినేవాళ్లు, కొనేవాళ్లు, పత్రిక అవసరాలు. మెండెల్సన్ పొరబడ్డాడని నేను అనటం లేదు. అతని కారణాల్లో బలం వుండవచ్చు. కాని వొక పత్రిక తన తీర్పును తలకిందులు చేసుకున్నప్పుడు, మొదటి తీర్పులో తప్పెక్కడ వుందో వివరించే బాధ్యత దానికి వుంటుంది. పట్టికలో వొక అంకె మార్చటం వివరణ కాదు.

లెడ్ జెప్లిన్ మీద మరొక ఆరోపణ వుంది. నల్లవారి బ్లూస్‌ను దోచుకున్నారని. యిది తేలిగ్గా తోసెయ్యవలసిన మాట కాదు. వాళ్ల వొక పాట తన పాటలోంచి తీసుకున్నదని చికాగో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో దావా వేశాడు; అది తర్వాత రాజీ అయింది. అయితే రోలింగ్ స్టోన్స్ బృందం కూడా ఆ చికాగో బ్లూస్‌లోంచే పుట్టింది. వాళ్ల పేరే మడ్డీ వాటర్స్ పాటలోంచి తీసుకున్నది. తెల్లవాడు నల్లవాడి పాట తీసుకోవటం సూత్రరీత్యా తప్పయితే, ఆ సూత్రం యిద్దరికీ వర్తించాలి. తీసుకోవటం తప్పు కాదు, పేరూ డబ్బూ యివ్వకపోవటమే తప్పనుకుంటే, యెవరు యిచ్చారో యెవరు యివ్వలేదో లెక్క తియ్యాలి. యిష్టుడైతే శిష్యుడు, అయిష్టుడైతే దొంగ అనటానికి సూత్రం అక్కర్లేదు.

యిప్పుడు బ్లాక్ సాబత్ సంగతి. వీళ్లు నలుగురూ బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే కార్మికుల పేటలో పెరిగారు. గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా యంత్రంలో పడి కుడిచేతి రెండువేళ్ల కొసలు తెగిపోయినయి. అతనిది యెడమచేతి వాటం. తీగలు నొక్కిపట్టే చెయ్యి అదే. యిక గిటారు మానుకోవలసిందేనని అందరూ అనుకున్నారు. నిప్పుకాలి రెండువేళ్లు పనికిరాకుండా పోయినా మహావాద్యకారుడైన జాంగో రైన్‌హార్ట్ రికార్డును ఫ్యాక్టరీ ఫోర్‌మన్ తెచ్చి వినిపించాడు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్లకు తొడుగులు తానే చేసుకున్నాడు. తీగలు నొక్కితే నొప్పి పుట్టకుండా పలచటివి వేసుకున్నాడు. తర్వాత తర్వాత వాటిని వదులు చేసి, శ్రుతి దించి వాయించాడు. హెవీ మెటల్ అని పేరుపడ్డ ఆ బరువైన నాదం పుట్టుకలో వొక కార్మికుడి తెగిన వేళ్లున్నాయి. పాటగాడు ఓజీ ఆస్బోర్న్ కబేళాలో కూడా పనిచేసినవాడు. 1970లోనే వచ్చిన వాళ్ల రెండో రికార్డు, యుద్ధాలు నడిపించే పెద్దలను నిలదీసే పాటతో మొదలవుతుంది. వియత్నాంలో మారణహోమం సాగుతున్న రోజులవి.

మొదటి రికార్డును 1970లో రోలింగ్ స్టోన్‌లో సమీక్షించినవాడు లెస్టర్ బ్యాంగ్స్. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ బృందానికి యిది నాసిరకం నకలని అతను కొట్టిపారేశాడు. తెగిన వేళ్లున్నాయి గనక రికార్డును మెచ్చుకోవాలని నేను అనను. కార్మికుడు వాయించినంత మాత్రాన మంచి సంగీతమైపోదు. కాని ఆ నాదం యెవరి చెవికి యెందుకు నచ్చుతుందని అడగటం విమర్శకుడి పని. పగలంతా రేకులు కొట్టే యంత్రాల మధ్య బతికిన కుర్రవాళ్లకు ఆ బరువు పరాయిది కాదు. ఆ ప్రశ్న అడగకుండా, తాను యెరిగిన మరొక బృందం పక్కన పెట్టి చూసి, కొలత సరిపోలేదని పంపేశారు. రెండేళ్లు తిరక్కుండానే, 1972లో, యీ బ్యాంగ్సే క్రీమ్ పత్రికలో బ్లాక్ సాబత్ మీద పెద్దవ్యాసం రాసి, వాళ్ల పాటల్లోని నీతిదృష్టిని పట్టించుకోవాలన్నాడు. 2003 పట్టికలో ఆ మొదటి రికార్డుకూ చోటు దొరికింది. 2006లో వాళ్లను రాక్ ప్రముఖుల మందిరంలోకి కూడా చేర్చుకున్నారు.

బ్యాంగ్స్ నిలకడలేని మనిషి. అతని మొదటి సమీక్షే, 1969లో, డెట్రాయిట్ విప్లవ యువకుల బృందం ఎంసీ ఫైవ్ మీద దండయాత్ర. తర్వాత ఆ రికార్డుకే అభిమానిగా మారాడు. అయినా యితరుల నిలకడకన్న అతని చాపల్యం నాకు ఆదరణీయంగా కనిపిస్తుంది. కారణం, అతను మారినప్పుడు అందరి యెదుటా మారాడు. 1979లో విలేజ్ వాయిస్‌లో, తాను అంతవరకూ నెత్తిన పెట్టుకున్న పంక్ సంగీతపు బృందాల్లో నల్లవారిపట్ల యెంత ద్వేషం పేరుకుని వుందో రాశాడు. రాస్తూ తనను మినహాయించుకోలేదు. విందుల్లో, తమాషాకని, తన నోట వచ్చిన నీచమైన మాటలను కూడా లెక్కలో వేశాడు. మరి మూడేళ్లకు, ముప్పైమూడేళ్ల వయసులో చనిపోయాడు. అభిప్రాయం మార్చుకోవటానికీ, అభిప్రాయం మార్చుకున్నానని వొప్పుకోవటానికీ గల భేదం యీ వ్యాసం చదివితే తెలుస్తుంది.

అభిరుచిలో పక్షపాతం వొక యెత్తు. ప్రయోజనంలో పక్షపాతం మరొక యెత్తు. జాన్ లాండౌ మంచి విమర్శకుడు, మాటకు బరువున్నవాడు. 1968లో క్లాప్టన్‌ను గురించి, వాయించినదే వాయిస్తున్నాడని అతను రాసిన మాటలు తన బృందం విడిపోవటానికి వొక కారణమని క్లాప్టనే తర్వాత చెప్పుకున్నాడు. 1974లో లాండౌ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీ విని, రాక్ సంగీతపు భవిష్యత్తు యితనేనని బోస్టన్ పత్రికలో రాశాడు. రికార్డు కంపెనీ ఆ మాటను యెత్తి ప్రకటనల్లో వేసుకుంది. 1975లో వచ్చిన స్ప్రింగ్‌స్టీన్ రికార్డు నిర్మాతల్లో లాండౌ వొకడు. ఆ తర్వాత ఆ గాయకుడి వ్యవహర్త కూడా అయినాడు. యిందులో మోసం లేదు: అతని మెప్పు నిజమైనది, వుద్యోగం తర్వాత వచ్చింది. స్ప్రింగ్‌స్టీన్ కార్మికుల బతుకుల్ని పాడినవాడు కూడాను. కాని విమర్శకూ అమ్మకానికీ నడుమ గోడ యెంత పలచనో యిది చూపిస్తుంది. విమర్శకుడి హృదయంలోంచి వచ్చిన వాక్యం వారం తిరిగేసరికి సరుకుమీద అంటించే చీటీ అవుతుంది.

2001లో జరిగింది యింత గౌరవంగా కూడా లేదు. మిక్ జాగర్ సొంతంగా వొక రికార్డు తెచ్చాడు. దాన్ని రోలింగ్ స్టోన్‌లో సమీక్షించినవాడు సాక్షాత్తూ పత్రికాధిపతి వెన్నర్, జాగర్‌కు చిరకాల మిత్రుడు. అయిదుకు అయిదు నక్షత్రాలు వేశాడు. స్నేహితుణ్ణి మెచ్చుకోవద్దని యెవరూ అనరు. అయితే అది స్నేహం అనిపించుకోవాలి, తీర్పు అనిపించుకోగూడదు.

యిక్కడికి వచ్చేసరికి, యిదంతా పెట్టుబడిదారీ పత్రికల వ్యవహారం, మన సిద్ధాంతం మనకు రక్ష అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. అంత తేలిక కాదు. వామపక్షాల మాటలే దురభిమానానికి ముసుగుగా పనికివచ్చిన సందర్భం వొకటి వుంది.

1970ల్లో అమెరికా నగరాల్లో డిస్కో అనే నృత్యసంగీతం వ్యాపించింది. దాన్ని మొదట పెంచిపోషించినవాళ్లు నల్లవాళ్లు, లాటిన్ జాతులవాళ్లు, స్వలింగప్రేమికులు. రాక్ అభిమానులు దాన్ని యెందుకు ద్వేషించారో వాళ్లనే అడిగితే, అది యాంత్రికం, కంపెనీలు తయారుచేసిన సరుకు, ఆత్మలేనిది అనేవాళ్లు. 1979 జులై 12న చికాగోలో వొక బేస్‌బాల్ మైదానానికి, డిస్కో రికార్డు తెచ్చినవాళ్లకు 98 సెంట్లకే ప్రవేశం అన్నారు. ఆటకూ ఆటకూ మధ్య ఆ రికార్డుల గుట్టను స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత పేల్చేశాడు. జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. రెండో ఆట జరగనేలేదు. జనం తెచ్చిన రికార్డుల్లో చాలా భాగం డిస్కో కావనీ, నల్లవాళ్లు పాడినవి కావటమే వాటి నేరమనీ, ఆ రోజు అక్కడ సీట్లు చూపించే పనిలో వున్న విన్స్ లారెన్స్ అనే నల్లయువకుడు తర్వాత చెప్పాడు. ఆ యేడాది చివర రోలింగ్ స్టోన్‌లోనే డేవ్ మార్ష్ అనే విమర్శకుడు, యీ ద్వేషం వెనక జాతి, లైంగికతలకు సంబంధించిన భయం వుందని రాశాడు. ఆ సంగతి చెప్పినందుకు అతన్ని మెచ్చుకోవాలి.

అయితే అసలు సమాధానం ఇంగ్లండులో వొక చిన్న సోషలిస్టు పత్రికనుంచి వచ్చింది. గే లెఫ్ట్ అనే ఆ పత్రిక 1979 వేసవి సంచికలో రిచర్డ్ డయర్ డిస్కోను సమర్థిస్తూ వ్యాసం రాశాడు. అతని వాదన సారాంశం యిది: డిస్కో పెట్టుబడిదారీ సరుకే, కాదనటం లేదు, మరి రాక్ యేమిటి? అదీ ఆ కంపెనీల సరుకే. పెట్టుబడిదారీ విధానం లాభం వస్తుందంటే తనకు వ్యతిరేకమైన అనుభవాన్ని కూడా తయారుచేసి అమ్ముతుంది; కొన్నవాళ్లు దానితో తయారుచేసినవాడు తలచని పని కూడా చేసుకోగలరు. "సరుకు" అనే మాట మార్క్సు దగ్గర విశ్లేషణ. మనకు నచ్చనిదాని మీద మాత్రమే దాన్ని ప్రయోగిస్తే తిట్టు అయిపోతుంది. నేను హాస్టల్లో యిచ్చిన ఉపన్యాసంలో సామ్రాజ్యవాదం అనే మాటకు పట్టిన గతి యిదే.

మన శిబిరంలో దీనికన్న పాత ఉదాహరణ వుంది. బాబ్ డిలాన్ యుద్ధాన్నీ జాతివివక్షనూ ఖండించే పాటలతో వామపక్ష యువతకు ఆత్మీయుడైనాడు. 1964లో అతని పాటలు సమాజం నుంచి సొంత మనసువైపు తిరిగినయి. ఆ నవంబరులో సింగ్ ఔట్ అనే జానపద సంగీతపత్రిక సంపాదకుడు, కమ్యూనిస్టు అయిన ఇర్విన్ సిల్బర్ అతనికి బహిరంగలేఖ రాశాడు: నువ్వు జనానికి దూరమవుతున్నావు, నీలో నువ్వే పాడుకుంటున్నావు అని. మరుసటి యేడు డిలాన్ న్యూపోర్ట్ జానపదోత్సవంలో విద్యుత్ గిటారు పట్టాడు. సభలో కొందరు గోలచేశారు. ఇంగ్లండు కమ్యూనిస్టు గాయకుడు ఈవన్ మకాల్, అదే 1965లో అదే పత్రికలో, డిలాన్‌ది సంప్రదాయపు క్రమశిక్షణ యెరగని సామాన్యప్రతిభ అని తీసిపారేశాడు.

సిల్బర్‌లో నాకు నచ్చేది వొకటుంది. తాను యెవరో, యే కొలబద్ద పట్టుకున్నాడో దాచలేదు. నక్షత్రాల చాటున నక్కినవాడు కాదు. కాని ఆ కొలబద్ద యెంత నిలకడైనది? సొంత మనసును పాడటం జనద్రోహమైతే, మకాల్ 1957లో పెగ్గీ సీగర్ కోసం రాసిన ప్రేమపాట సంగతేమిటి? లోకంలో గొప్ప ప్రేమపాటల్లో అది వొకటి. 1972లో రొబర్టా ఫ్లాక్ గొంతుతో అమెరికాలో ప్రథమస్థానానికి వెళ్లింది. అది రాసినందుకు మకాల్ విప్లవకారుడు కాకపోలేదు. ప్రేమించటం కార్మికవర్గానికి నిషిద్ధం కాదు గదా. అంటే సిల్బర్‌ను బాధించింది అంతర్ముఖత్వం వొక్కటే కాదు. తమవాడనుకున్న మనిషి చేజారిపోవటం కూడా. ఆ బాధ సహజమైనది. బాధ అని చెప్పివుంటే పేచీయే లేదు. బాధను సిద్ధాంతంగా ప్రకటించటం వల్ల, డిలాన్ కొత్తపాటల్లో వున్న సామాజిక విమర్శ వామపక్ష పాఠకులకు కొంతకాలం వినిపించకుండా పోయింది.

మరి సిద్ధాంతమూ అభిరుచీ ఘర్షణపడ్డప్పుడు విమర్శకుడు యేం చెయ్యాలి? యెలెన్ విలిస్‌ను చూడమంటాను. 1968లో న్యూయార్కర్ పత్రికకు మొదటి రాక్ విమర్శకురాలైన ఆమె స్త్రీవాది, వామపక్షవాది. స్త్రీని చిన్నబుచ్చే పాటలు పాడే రోలింగ్ స్టోన్స్ అంటే ఆమెకు యిష్టం. ఆమె యీ వైరుధ్యాన్ని దాచుకోలేదు. పరీక్ష వొకటి పెట్టింది: పాటలో స్త్రీపురుషుల స్థానాలు తారుమారు చేసి చూడండి, అన్నది. మోటుగా స్త్రీని అణిచానని పాడే పాటను స్త్రీ పాడితే పగతీర్చుకున్నట్టుంటుంది. మెత్తగా, జాలిగా స్త్రీకి బుద్ధిచెప్పే పాటను తారుమారు చేస్తే యే స్త్రీ పురుషుడితో అట్లా మాట్లాడదని తేలుతుంది. కనక మెత్తనిపాటలోనే అహంకారం యెక్కువ అన్నది. 1977లో సెక్స్ పిస్టల్స్ బృందం పాట వొకటి విన్నది. అందులో గర్భస్రావంపట్ల జుగుప్స వుంది. ఆమె గర్భస్రావహక్కు కోసం పోరాడే మనిషి. అయినా ఆ పాట తనలో ధైర్యం నింపిందనీ, తన ఆశయాలకు అనుకూలమైన స్త్రీల సంగీతం కొంత తనను నీరసపరిచిందనీ రాసింది. యెందుకిట్లా అని వ్యాసమంతా తనను తాను అడ్డప్రశ్నలు వేసుకుంది. ఆమె నిర్ణయంతో మనం యేకీభవించనక్కర్లేదు. కాని ఆమెతో వాదించటం సాధ్యం. ఆమె తన లెక్క అంతా బల్లమీద పెట్టింది. నక్షత్రాలతో వాదించటం సాధ్యం కాదు.

చివరగా పట్టికల మాట. 2003లో రోలింగ్ స్టోన్ పట్టికలో ప్రథమస్థానం బీటిల్స్ 1967 రికార్డు సార్జంట్ పెప్పర్‌ది. అది వచ్చిన కొత్తల్లో, లోకమంతా హర్షిస్తుండగా, న్యూయార్కు టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ వొక్కడే, స్టూడియో హంగుల కింద పాట నలిగిపోయిందని రాసి, వుత్తరాల వర్షం కురిపించుకున్నాడు. 2020లో మూడువందలమందికి పైగా వోటర్లతో కొత్తపట్టిక తయారైతే ఆ రికార్డు 24వ స్థానానికి దిగింది. అంతకుముందు ఆరోదిగా వున్న మార్విన్ గే 1971 రికార్డు మొదటిదైంది. యుద్ధం, పేదరికం, నల్లవారి బతుకు గురించి నల్లవాడు పాడిన రికార్డు అది. మార్పు మంచిదే. వోటర్ల గుంపు మారితే విలువలు మారినయి. అంటే పాత పట్టిక అన్ని కాలాల తీర్పు కాదు, వొక గుంపు తీర్పు. కాని అది కొత్త పట్టిక విషయంలోనూ నిజమే.

ఆ పాత గుంపు మనసు యెట్లాంటిదో 2023 సెప్టెంబరులో బయటపడింది. అప్పటికి పత్రిక వెన్నర్ చేతుల్లో లేదు. ఆయన తాను చేసిన యింటర్వ్యూలతో వొక పుస్తకం వేశాడు. యేడుగురు సంగీతకారులు, అందరూ తెల్లవాళ్లు, అందరూ మగవాళ్లు. యెందుకని న్యూయార్కు టైమ్స్ విలేకరి అడిగితే, స్త్రీలుగాని నల్లవాళ్లుగాని ఆ స్థాయిలో ఆలోచనను వ్యక్తం చెయ్యలేకపోయారనే అర్థం వచ్చేట్టు జవాబు చెప్పాడు. అట్లా చెయ్యలేకపోయినవాళ్లలో ఆయన పేరుపెట్టి చెప్పినవాళ్లలో మార్విన్ గే వొకడు! మరునాడే రాక్ ప్రముఖుల మందిరం పాలకవర్గం ఆయన్ను తొలగించింది. ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. వొక మనిషిని తొలగించటం సులభం. నలభై, యాభై యేళ్లపాటు యెవరి ముఖం అట్టమీద వెయ్యాలో, యెవరి రికార్డుకు యెన్ని పేజీలివ్వాలో నిర్ణయించిన చూపు అదే గదా. దాన్ని యే తీర్మానం తొలగిస్తుంది?

కనక విమర్శకుణ్ణి నిష్పక్షపాతంగా వుండమని కోరటం వృథా. అట్లా వున్నానని చెప్పుకునేవాణ్ణే మొదట అనుమానించాలి. అతన్ని కోరదగినవి మూడు. తాను యెక్కడ నిలబడి వింటున్నాడో, యెవరి స్నేహం, యెవరి జీతం తన మీద వుందో చెప్పాలి. యే సూత్రంతో శత్రువును కొట్టాడో దానితోనే మిత్రుణ్ణి కొలవాలి. తీర్పు మారినప్పుడు, మారిందని ఒప్పుకుని, పాత తీర్పును పాఠకుల యెదుట తిరగదోడాలి. రాక్ విమర్శకే కాదు, మనం కథల మీద, కవిత్వం మీద, సినిమాల మీద రాసే విమర్శకు కూడా యీ మూడూ చాలు. మన పత్రికల పాతసంచికలు తిరగేసేవాళ్లకు యీ కొలతలు వెంటబెట్టుకోమని సలహా యిస్తాను.

2025 జులై 5న బ్లాక్ సాబత్ తమ చివరి కచేరీ చేశారు. తాము పెరిగిన ఆ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో. ఓజీ ఆస్బోర్న్ నడవలేని స్థితిలో సింహాసనంలాంటి కుర్చీలో కూచుని పాడాడు. మరి పదిహేడురోజులకు చనిపోయాడు. ఆ వార్త చదివి నేను వాళ్ల మొదటి రికార్డు మళ్లీ విన్నాను. నిజం చెప్పాలంటే, ఆ సంగీతం నాకు యిప్పటికీ పూర్తిగా రుచించదు. సగం అయ్యేసరికి తలనొప్పి వస్తుంది. అయితే ఆ తలనొప్పికి యిప్పుడు నేను సామ్రాజ్యవాదం అని పేరు పెట్టటం లేదు.